తుల్యం అన్నంత మాత్రాన ఒకే గాటన కట్టేయొచ్చా?

జయనగర్ జిజ్ఞాసి (ప్రశ్న)

కిందటి వారం ఇక్కడే జెనెరిక్ మందుల మీద మాటా మాటా పెరిగింది. "రెండు కంపెనీల మాత్రలూ అసలు బ్రాండుకి తుల్యమని తేలాయి, కాబట్టి ఆ రెండూ ఒకదానికొకటి తుల్యమే, ఏది దొరికితే అది వేసుకోవచ్చు" అని ఒకరన్నారు. "గణితంలో దాన్ని తుల్యత అనరు, ఆ పేరు పెట్టడమే తప్పు" అని ఇంకొకరు. తర్వాత చర్చ మందుల ధరల మీదికి పోయి, అసలు విషయం గాలికి పోయింది.

నాకు కావాల్సింది ఆ అసలు విషయమే. క, ఖ కి సమానం. ఖ, గ కి సమానం. అలాంటప్పుడు క, గ కి సమానం అయి తీరాలా? కాకపోయినా "సమానం" అనే మాట వాడుకోవచ్చా? మందులు, డబ్బు, బరువులు, నీళ్ళు, ఎవరి రంగంలో వాళ్ళు అంకెలతో చెప్పండి.

మల్లేశ్వరం గణితం

ఇంటర్ పుస్తకంలో ఉన్నదే. తుల్య సంబంధం అనిపించుకోవాలంటే మూడు గుణాలుండాలి. పరావర్తనం: ప్రతిదీ తనతో తాను ఆ సంబంధంలో ఉండాలి. సౌష్ఠవం: క కి ఖ తో ఉంటే ఖ కి క తో ఉండాలి. సంక్రమణం: మీరడిగినది. మూడూ ఉంటే సమితి మొత్తం ముక్కలుగా విడిపోతుంది. ఏ మూలకమూ రెండు ముక్కల్లో ఉండదు, ఏదీ బయట మిగలదు. 12 గంటల గడియారంలో 5, 17, 29 ఒక ముక్క. మనవాళ్ళు ఒకే గాటన కట్టడం అనేది సరిగ్గా ఇదే, ఒక పశువుని రెండు గాటలకి కట్టలేం కదా.

"దగ్గరగా ఉండటం" ఈ పరీక్షలో తప్పుతుంది. తేడా రూపాయి లోపుంటే సమానం అనుకుందాం. 100, 100.90 సమానం. 100.90, 101.80 సమానం. 100, 101.80 మాత్రం కావు. పోనీ బలవంతాన సంక్రమణం అంటగడదామా? గొలుసు లాక్కుంటూ పోతే రూపాయీ కోటీ ఒకటే అవుతాయి. వాస్తవ సంఖ్యల మీద "ఇంత లోపు తేడా ఉన్నవన్నీ సమానం" అనే మాటని ఇముడ్చుకోగల తుల్య సంబంధం ఒకే ఒక్కటి: అన్నీ సమానం అనేది. అది ఎవరికీ పనికిరాదు.

అందుకని సంక్రమణం లేనిదాన్ని సామీప్యం అనండి, తుల్యత అనకండి.

బయోస్టాట్ బొమ్మసంద్ర

గణితం గారూ, సంక్రమణం ఒక్కటే లేదనుకుంటున్నారు మీరు. మా దగ్గర పరావర్తనానికే దిక్కు లేదు. పరీక్ష ఎలా జరుగుతుందో ముందు చెప్తాను.

ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లు, ఓ 24 మంది అనుకోండి. సగం మందికి ముందు బ్రాండు మాత్ర, మిగతా సగానికి ముందు జెనెరిక్. మొదటి మందు ఒంట్లోంచి పోయేదాకా ఆగి, అంటే కనీసం ఐదు అర్ధజీవిత కాలాలు, అటువాళ్ళని ఇటు మారుస్తారు. మందు వేసినప్పటి నుంచి వరసగా రక్తం తీసి గాఢత కొలుస్తారు. చూసేది రెండు అంకెలు. గాఢత గరిష్ఠంగా ఎంతదాకా ఎక్కింది (సీమ్యాక్స్), కాలంతో పాటు గాఢత మారే గీత కింద మొత్తం వైశాల్యం ఎంత (ఏయూసీ). జెనెరిక్ అంకెని బ్రాండు అంకెతో భాగించి, ఆ నిష్పత్తికి 90% విశ్వాస అంతరం, అంటే నిజమైన నిష్పత్తి ఉండొచ్చనుకునే మేర, కడతారు. ఆ అంతరం మొత్తం 80.00% నుంచి 125.00% లోపల పడితేనే పాస్. కింద 80 అయితే పైన 120 ఉండాలి కదా అని చాలామంది అడుగుతారు. లెక్క లాగరిథంలో జరుగుతుంది, 1ని 0.8తో భాగిస్తే 1.25. దేన్ని పైన పెట్టినా దేన్ని కింద పెట్టినా తీర్పు మారకూడదని అలా పెట్టారు. అంటే సౌష్ఠవాన్ని మాత్రం కావాలనే కట్టారు.

ఇప్పుడు సంక్రమణం. ఒకే మనిషిలో ఒకసారికీ ఇంకోసారికీ వచ్చే వ్యత్యాసం 20% అనుకోండి, 24 మంది. అంతరం కొసలు నిష్పత్తికి అటూ ఇటూ సుమారు 1.103 రెట్ల దూరంలో ఉంటాయి. క కంపెనీ నిష్పత్తి 0.92 వచ్చింది: అంతరం 83.4% నుంచి 101.5%, పాస్. గ కంపెనీది 1.09: అంతరం 98.8% నుంచి 120.2%, అదీ పాస్. అదే సైజు అధ్యయనంలో గ ని నేరుగా క తో పోలిస్తే నిష్పత్తి 1.185 దగ్గరుంటుంది. పై కొస 130.7%. ఫెయిల్.

పరావర్తనం. వ్యత్యాసం 50% ఉన్న మందులున్నాయి. అదే 24 మందితో ఒకే స్ట్రిప్పులోని మాత్రని దానితోనే పోల్చి, నిష్పత్తి సరిగ్గా 1.00 వచ్చినా అంతరం 79% నుంచి 126% దాకా పోతుంది. తనకి తానే తుల్యం కాదన్నమాట! అందుకే అలాంటి మందులకి వలంటీర్ల సంఖ్య పెంచుతారు, లేదా ఒకే మందుని రెండుసార్లు ఇచ్చే పద్ధతి పెడతారు.

పనిలో పని, ఒక అపోహ. 80–125 అంటే మాత్రలో మందు 20% తక్కువ ఉండొచ్చని కాదు. మాత్రలో ఎంతుండాలనే హద్దు ఫార్మకోపియాలో (మందుల ప్రమాణాల గ్రంథంలో) వేరే ఉంటుంది, అది చాలా ఇరుకు. 80–125 అనేది విశ్వాస అంతరానికి, అది రెండు వైపులా గోడలు తాకకూడదు కాబట్టి నిజమైన తేడాలు చిన్నవిగానే ఉంటాయి. 1996 నుంచి 2007 వరకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశీలించిన 2,070 అధ్యయనాల్లో సగటు తేడా సీమ్యాక్స్‌లో 4.35%, ఏయూసీలో 3.56%.

పేరు మార్చాలని మాత్రం నేననను. మా ప్రశ్న "బ్రాండుకి బదులు ఇది ఇవ్వొచ్చా" అన్నదొక్కటే. అన్ని పోలికలూ ఒకే మేకు చుట్టూ తిరుగుతాయి. క కి గ కి మధ్య తాడు మేమెప్పుడూ కట్టలేదు.

కోడ్ కోరమంగళ

మేకుకి కట్టినవి ఒకదాన్నొకటి కుమ్ముకోకుండా ఉంటే బాగానే ఉంటుంది బ్రదర్. సాఫ్ట్‌వేర్‌లో కుమ్ముకుంటాయి.

జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రెండు దశాంశ సంఖ్యల తేడా 0.01 లోపుంటే సమానం అని కంపారేటర్ (ఏది ముందో ఏది వెనకో చెప్పే కోడ్) రాసి ఒక జాబితాని సార్ట్ చేయండి, అంటే వరసలో పెట్టండి. "కంపారిజన్ మెథడ్ వయొలేట్స్ ఇట్స్ జనరల్ కాంట్రాక్ట్" అని ఎక్సెప్షన్, అంటే పోలిక నియమం తప్పిందనే ఎర్రర్, విసరొచ్చు. కారణం పైన గణితం గారు చెప్పిందే: సంక్రమణం లేదు. ఇందులో దొంగ దెబ్బ ఏంటంటే, జాబితాలో 32 కంటే తక్కువ ఉంటే విసరదు. చిన్న జాబితాలకి, వరస పెట్టిన ముక్కల్ని విలీనం చేసే దశే ఉండదు కాబట్టి తప్పు బయటపడదు. టెస్టులో పది వరసలు పెట్టి పాస్ చేయించుకుంటాం, ప్రొడక్షన్‌లో పదివేలొచ్చినప్పుడు పేలుతుంది. అదీ ప్రతిసారీ కాదు.

పరావర్తనం కూడా: "నాన్" అనే విలువ, అదే నాట్ ఎ నంబర్, తనకి తాను సమానం కాదు. జావాస్క్రిప్ట్‌లో రెండు == గుర్తులతో "0" కి 0 సమానం, 0 కి "" సమానం, "0" కి "" మాత్రం కాదు. జావాలో దశాంశాలకి వాడే బిగ్‌డెసిమల్‌లో 2.0, 2.00 వేరని ఈక్వల్స్ అనే పోలిక అంటుంది, ఒకటేనని కంపేర్‌టూ అనే పోలిక అంటుంది. ఆ రెండింటినీ ఈక్వల్స్ వాడే హ్యాష్‌సెట్‌లో వేస్తే రెండుంటాయి, కంపేర్‌టూ వాడే ట్రీసెట్‌లో వేస్తే ఒకటే మిగులుతుంది. బిల్లింగ్‌లో ఇలాంటిది దూరితే మొత్తం ఎక్కడ తప్పిందో పట్టుకోవడానికి దేవుడు దిగిరావాలి.

విరుగుడు: పోల్చే ముందే పైసల్లోకి మార్చి పూర్ణాంకంగా పెట్టుకోవాలి. అప్పుడు సంక్రమణం దానంతటదే వస్తుంది. కానీ ఊరికే రాదు. దగ్గరి రూపాయికి సవరిస్తే 10.49, 10.51 వేర్వేరు గాటలకి పోతాయి, రెండు పైసల తేడాకే. 10.51, 11.49 మాత్రం ఒకే గాటన పడతాయి, 98 పైసల తేడా ఉన్నా. దగ్గరితనం కావాలా, గాటలు కావాలా, ఒకటే ఎంచుకోవాలి. రెండూ ఇచ్చే కోడ్ లేదు.

పీణ్య కాలిబ్రేషన్

రెండూ అక్కర్లేని దారి ఉంది. అవును కాదు అని చెప్పడం మానేసి, ఎంత తేడా, ఎంత అనిశ్చితితో అని రెండు అంకెలు రాయండి. కొలతల శాస్త్రంలో దీనికి "డిగ్రీ ఆఫ్ ఈక్వివలెన్స్" అనే పేరే ఉంది. 1999లో దేశాల జాతీయ కొలత సంస్థలు ఒకరి సర్టిఫికెట్లు ఒకరు ఒప్పుకుంటామని చేసుకున్న ఏర్పాటు దీని మీదే నిలబడింది. మన తరఫున ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల (ఎన్‌పీఎల్) ఉంది.

ల్యాబుల స్థాయిలో ఇదే లెక్క "ఈ-ఎన్" అంకెగా వస్తుంది. తేడాని రెండు అనిశ్చితుల వర్గాల మొత్తానికి వర్గమూలంతో భాగించాలి. 1 లోపుంటే ఫర్వాలేదు. ఒక బరువుకి క ల్యాబ్ ప్రామాణిక విలువ కంటే 4 మి.గ్రా. ఎక్కువ చెప్పింది, అనిశ్చితి 4.5. గ ల్యాబ్ 4 మి.గ్రా. తక్కువ చెప్పింది, అనిశ్చితి అంతే. ప్రామాణిక విలువ అనిశ్చితి 1. ఇద్దరికీ ఈ-ఎన్ 0.87, ఇద్దరూ పాస్. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టండి: తేడా 8, భాజకం 6.36, ఈ-ఎన్ 1.26. ఒకే కస్టమర్ ఇద్దరి దగ్గరా అదే బరువు చేయించుకుంటే గొడవ ఖాయం. ఇద్దరి చేతిలోనూ పాస్ అయిన కాగితం ఉంటుంది. బయోస్టాట్ గారి మాత్రలకీ దీనికీ తేడా వెంట్రుకంత.

ఇంకోటి. మేకు కదిలితే ఏమవుతుంది? 1889 నుంచి కిలో అంటే పారిస్ దగ్గర సెవ్ర్‌లో పెట్టిన ప్లాటినం–ఇరిడియం దిమ్మ. శతాబ్దం గడిచేసరికి దాని నకళ్ళకీ దానికీ మధ్య సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. దిమ్మ తగ్గిందా, నకళ్ళు పెరిగాయా? నిర్వచనం ప్రకారం దిమ్మ ఎప్పుడూ సరిగ్గా ఒక కిలోనే, కాబట్టి ఆ ప్రశ్నకి తావే లేదు. 2019 మే 20 నుంచి కిలోని ప్లాంక్ స్థిరాంకంతో కట్టారు కాబట్టి ఆ చిక్కు వదిలింది.

ఆర్‌టీ నగర్ అర్థశాస్త్రం

సంక్రమణం ఉందా లేదా అని అడుగుతున్నారు. మా దగ్గర అది ఉండదు, తయారు చేస్తాం. తయారీ ఖర్చు కూడా తెలుసు.

దేశాల ధరల్ని పోల్చే కొనుగోలు శక్తి సమానత తీసుకోండి. అమెరికాలో డాలరుకి వచ్చేది ఇక్కడ కొనడానికి 2011లో 15.55 రూపాయలు, 2017లో 20.65 అని లెక్క తేలింది. మార్కెట్ మారకం రేటు ఆ రెండేళ్ళలో 46.67, 65.12. ఈ 20.65 ఎలా వస్తుంది? రెండు దేశాల మధ్య అయితే ఫిషర్ సూచీ కడతాం: ఒకసారి వాళ్ళు కొనే సరుకుల బుట్టతో, ఒకసారి మన బుట్టతో ధరలు పోల్చి, గుణమధ్యమం తీస్తాం. చిక్కేంటంటే ప్రతి జంటకీ బుట్టలు మారతాయి కాబట్టి గొలుసు కలవదు.

క నుంచి ఖ కి 2.00, ఖ నుంచి గ కి 3.00, నేరుగా క నుంచి గ కి 5.70 వచ్చిందనుకోండి. ఖ మీదుగా పోతే 6.00. ఏది నిజం? రెండూ. అప్పుడు జీఈకేఎస్ అనే పద్ధతి వాడతాం. క నుంచి గ కి ఉన్న దారులన్నీ, నేరు దారిని రెండుసార్లు లెక్కేసి, గుణించి ఘనమూలం తీస్తాం (మూడు దేశాలు కాబట్టి). 5.70, 5.70, 6.00 కలిపి 5.798. అలాగే క–ఖ 1.966, ఖ–గ 2.949 అవుతాయి. ఇప్పుడు గుణించి చూడండి, 5.798. గొలుసు కలిసింది.

దీనికి కట్టిన మూల్యం: క–ఖ మధ్య నేరుగా కొలిచిన 2.00 పోయి 1.966 అయింది. ఆ రెండు దేశాల్లో ఏ ధరా మారలేదు, గ అనే మూడోది బల్ల దగ్గర కూర్చున్నందుకు మారింది. ఇంకో దేశం చేరితే మళ్ళీ మారుతుంది. గణితం గారు కోరే శుద్ధమైన తుల్యత కావాలంటే కొలిచిన అంకెని వంచాలి.

మనుషుల ఇష్టాల సంగతి ఇంకా కష్టం. గణిత మనోవిజ్ఞాని డంకన్ లూస్ 1956లో ఇచ్చిన ఉదాహరణ కాఫీతోనే. 401 కప్పులు, ప్రతి కప్పులోనూ ముందు కప్పు కంటే చక్కెర ఒక చిటికెడు ఎక్కువ, ఒక చక్కెర బిళ్ళలో నూరో వంతు. పక్కపక్క కప్పుల్లో తేడా ఏ నాలుకకీ తెలీదు, కాబట్టి "రెండూ ఒకటే" అంటాం. మొదటి కప్పు, చివరి కప్పు పెడితే మాత్రం ఒకటి తాగుతాం, ఒకటి పారబోస్తాం. ఇలా "ఏదైనా ఒకటే" అనుకునే నిరాసక్తత సంక్రమించదు. మా పాఠ్యపుస్తకాల్లో, సమానంగా ఇష్టమైన వాటిని కలిపే నిరాసక్తత వక్రాలు ఒకదాన్నొకటి ఖండించవని గీస్తారే, ఆ గీత నిలబడేది సంక్రమణం మీదే. మన దర్శిని హోటల్లో కాఫీ కౌంటర్ దగ్గర అది కరిగిపోతుంది.

బసవనగుడి తర్కం

ఇంతసేపూ "ఈ మాట వాడొచ్చా" అని కొట్టుకుంటున్నారు గానీ ఆ మాటతో ఏం చేయబోతున్నారని ఎవరూ అడగలేదు. పనులు రెండు.

ఒకటి, దీనికి బదులు అది వాడటం. దానికి సంక్రమణం అక్కర్లేదు. రెండోది, సమానమైన వాటన్నిటికీ ఉమ్మడిగా ఒక కొత్త వస్తువుని పుట్టించి పేరు పెట్టడం. జర్మన్ తార్కికుడు ఫ్రేగె 1884లో చెప్పినది: సమాంతర రేఖలన్నిటికీ కలిపి "దిశ" అంటాం. రెండు రేఖల దిశ ఒకటే అంటే అవి సమాంతరం అని, అంతకు మించి ఏమీ లేదు. రెండు గుంపుల్ని ఒకటికొకటి జత కలపగలిగితే వాటి "సంఖ్య" ఒకటే. ఈ రెండో పనికి సంక్రమణం లేకపోతే కుదరదు, ఎందుకంటే ఒక రేఖకి రెండు దిశలు వచ్చి కూర్చుంటాయి. అన్నట్టు, బడిలో "ఎంత పొడిగించినా కలవని రేఖలు సమాంతరాలు" అని నేర్పుతాం. ఆ లెక్కన ఏ రేఖా తనకి తాను సమాంతరం కాదు, పరావర్తనం పోయింది. "లేదా రెండూ ఒకే రేఖ" అని చేర్చుకుంటే తప్ప ఫ్రేగె మాట నిలవదు.

కాబట్టి నా కొలబద్ద: నామవాచకం కావాలంటే సంక్రమణం కావాలి. క్రియ చాలనుకుంటే అక్కర్లేదు. "జెనెరిక్ బ్రాండుకి బదులు ఇవ్వొచ్చు" అనండి, అభ్యంతరం లేదు. "ఇవన్నీ ఒకే మందు" అన్నారో, అక్కడ దొరికిపోతారు.

మనవాళ్ళు ఈ తేడాలు బాగానే చూశారు. నైయాయికులు (న్యాయశాస్త్ర పండితులు) సాదృశ్యానికి ఇచ్చే నిర్వచనం "తద్భిన్నత్వే సతి" అని మొదలవుతుంది: దానికంటే వేరై ఉండి, దాని ధర్మాలు చాలా కలిగి ఉండటం. వేరై ఉండాలన్నారు కాబట్టి ఏదీ తనకి తాను సదృశం కాదు. అభేదం వేరు, సాదృశ్యం వేరు. ఆలంకారికులు ఇంకో అడుగు వేశారు. ముఖం చంద్రుడిలా ఉంది, ఉపమ. చంద్రుడు ముఖంలా ఉన్నాడని తిప్పితే అది ప్రతీపం, వేరే అలంకారం. ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ చెబితే ఉపమేయోపమ. రామరావణ యుద్ధం రామరావణ యుద్ధంలాగే ఉందంటే అనన్వయం. సౌష్ఠవం ఉన్నప్పుడొక పేరు, లేనప్పుడొక పేరు, పరావర్తనానికి ఇంకో పేరు. సంక్రమణానికి అలంకారం దొరకలేదు, ముఖం చంద్రుడిలా, చంద్రుడు వెండిపళ్ళెంలా ఉంటే ముఖం వెండిపళ్ళెం కానందుకు ఏ కవీ బాధపడలేదేమో.

నీళ్ళ లెక్క హెచ్‌ఎస్‌ఆర్

తర్కం గారి కొలబద్ద బాగుంది గానీ సగమే పనిచేస్తుంది. నామవాచకం ఉండి, సంక్రమణం ఉండి, అయినా కొంప ముంచే తుల్యత ఒకటి ప్రతి అపార్ట్‌మెంట్‌ సంపు దగ్గరా ఉంది: నీటి కఠినత్వం, "కాల్షియం కార్బొనేట్‌గా".

బోరు నీళ్ళ రిపోర్టులో కాల్షియం లీటరుకి 80 మి.గ్రా., మెగ్నీషియం 36 మి.గ్రా. ఉన్నాయనుకోండి. కలిపితే 116. కానీ నీళ్ళని మెత్తబరిచే సాఫ్ట్‌నర్‌కి ఆ 116 తో పని లేదు. అందులో అయాన్లని మార్చే రెసిన్ బరువు చూడదు, విద్యుదావేశం చూస్తుంది. ఒక్కో కాల్షియం అయాన్‌కీ, ఒక్కో మెగ్నీషియం అయాన్‌కీ రెండేసి సోడియం అయాన్లు వదులుతుంది. అందుకని అన్నిటినీ ఒకే భాషలోకి మార్చాలి: కాల్షియంని 2.5తో, మెగ్నీషియంని 4.12తో గుణించాలి. 200, 148, మొత్తం 348. తాగే నీళ్ళకి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం 10500 పెట్టిన హద్దు 200, వేరే నీళ్ళు దొరకనిచోట 600.

ఇప్పుడు తప్పు జరిగే చోటు. 25 లీటర్ల రెసిన్, లీటరుకి సుమారు 50 గ్రాముల కఠినత్వం పట్టుకుంటుందనుకుంటే మొత్తం 1,250 గ్రాములు. దీన్ని 0.348తో భాగిస్తే దాదాపు 3,590 లీటర్లకి ఒకసారి ఉప్పునీళ్ళతో కడగాలి. మార్చకుండా 116 అంకెనే సాఫ్ట్‌నర్ మీటర్లో కొడితే 10,700 దాటే వరకూ కడగదు. అంటే మూడింట రెండొంతుల నీళ్ళు కఠినంగానే ట్యాంకులోకి ఎక్కుతాయి. "సాఫ్ట్‌నర్ పెట్టాక కూడా కుళాయిల మీద తెల్ల మరకలేంటి" అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇదే కావచ్చు. రెసిన్ పాడైందని మార్పించుకునే ముందు మీటర్లో ఏ అంకె ఉందో చూడండి.

ఇంతవరకూ తుల్యత బాగానే పనిచేసింది, మార్చకపోవడమే తప్పు. ఇక మార్చినా మునిగే చోటు. 348 అంకె ఒకటే ఉన్న రెండు బోర్లు తీసుకోండి. ఒకదాంట్లో కఠినత్వం బైకార్బొనేట్ వల్ల, ఇంకోదాంట్లో సల్ఫేట్, క్లోరైడ్ వల్ల. మొదటి నీళ్ళు కాస్తే పాత్ర అడుగున పొర కట్టి, నీళ్ళు మెత్తబడతాయి. రెండోవి గంటసేపు కాచినా కఠినత్వం పోదు. సాఫ్ట్‌నర్‌కి ఇవి రెండూ ఒకటే, గీజర్‌కి కాదు. ఇంకా చూడండి: 100 కఠినత్వం తీసినప్పుడల్లా లీటరుకి 46 మి.గ్రా. సోడియం నీళ్ళలో చేరుతుంది. 348కి 160 మి.గ్రా. చేరుతుంది. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పిన మనిషికి ఆ నీళ్ళు తాగడానికి పెట్టకూడదు, వంటింటి కుళాయికి విడిగా గొట్టం ఉండాలి. ఆవేశం లెక్కలో తుల్యం, రక్తపోటు లెక్కలో కాదు.

ఆర్‌టీ నగర్ అర్థశాస్త్రం

దీనికి అన్న ఒకడున్నాడు: "కార్బన్ డయాక్సైడ్ సమానం." క్యోటో వాతావరణ ఒప్పందం లెక్కల్లో టన్ను మీథేన్ అంటే 21 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ తర్వాతి నివేదికల్లో 25, ఆపైన 28. ఆరో నివేదికలో శిలాజ ఇంధనాల మీథేన్‌కి నూరేళ్ళ లెక్కన 29.8, ఇరవయ్యేళ్ళ లెక్కన 82.5. కొంత మార్పు శాస్త్రం మెరుగైనందువల్ల. కానీ 29.8కీ 82.5కీ మధ్య ఉన్నది శాస్త్రం తేడా కాదు, ఎన్నేళ్ళు చూడాలని మనం పెట్టుకున్న గడువు. సంక్రమణానికి ఏ లోటూ లేదు. అయినా ఏటా ఒకే మోతాదులో మీథేన్ వదిలితే, అది పన్నెండేళ్ళ ప్రాంతంలో విచ్ఛిన్నమవుతుంది కాబట్టి, గాలిలో దాని నిల్వ ఒకచోట నిలబడుతుంది. "సమానమైన" కార్బన్ డయాక్సైడ్‌ని ఏటా వదిలితే పేరుకుంటూనే ఉంటుంది.

మల్లేశ్వరం గణితం

నీళ్ళు, కార్బన్ రెండింటికీ వివరణ ఒకటే. ఏ ప్రమేయం తీసుకున్నా, "ఒకే విలువ ఇచ్చేవి సమానం" అంటే తుల్య సంబంధం ఉచితంగా వస్తుంది. కాబట్టి సంక్రమణం ఉందని మురిసిపోవడానికేం లేదు, మనుషుల్ని చెప్పుల సైజు ప్రకారం విడగొట్టినా అది ఉంటుంది. దాని పైన కావాల్సిందొకటుంది: మీరు తర్వాత చేయబోయే పనిని ఆ సంబంధం తట్టుకోవాలి. గడియారంలో 0, 12 ఒక ముక్క. వాటికి ఏది కూడినా, దేనితో గుణించినా మళ్ళీ ఒకే ముక్కలో పడతాయి. కానీ 2కి ఘాతంగా పెట్టండి: ఒకటి 1 ఇస్తుంది, ఇంకోటి 4,096, అంటే గడియారంలో 4. ముక్క చెదిరింది. కూడికకి తుల్యం, ఘాతానికి కాదు. 348 రెసిన్‌ని తట్టుకుంది, గీజర్‌ని తట్టుకోలేదు.

ఇది నా మొదటి మాటకి సవరణే, ఒప్పుకుంటున్నాను. సంక్రమణం చాలదు. కానీ అది లేకపోయినా ఫర్వాలేదని మాత్రం ఇప్పటికీ అనను.

భౌతికం యశ్వంతపుర

మీరంతా మనం కట్టుకున్న గాటల గురించే మాట్లాడుతున్నారు. ప్రకృతి కట్టినదొకటుంది. జడత్వ ద్రవ్యరాశి (వేగం మార్చడానికి ఎదురుతిరిగేది), గురుత్వ ద్రవ్యరాశి (గురుత్వం లాగేది) సమానం. దాని మీదే ఐన్‌స్టీన్ 1907లో తుల్యతా సూత్రం నిలబెట్టాడు. ఎవరి సౌకర్యం కోసమూ కాదు, తప్పైతే తప్పని తేలేది. 2016లో పంపిన మైక్రోస్కోప్ ఉపగ్రహంలో టైటానియం మిశ్రమం, ప్లాటినం మిశ్రమం స్తూపాలు పక్కపక్కనే భూమి చుట్టూ పడుతూ తిరిగాయి. 2022లో వచ్చిన తుది ఫలితం: వెయ్యి లక్షల కోట్లలో ఒక వంతు స్థాయిదాకా తేడా కనపడలేదు.

దానికీ హద్దు ఉంది. "రాకెట్ త్వరణం, భూమి గురుత్వం ఒకటే" అనేది చిన్న గదికే. పెద్ద గదిలో రెండు బంతుల్ని ఈ గోడ దగ్గరొకటి, ఆ గోడ దగ్గరొకటి వదలండి. భూమి మీద రెండూ భూకేంద్రం వైపే పడతాయి కాబట్టి పడేకొద్దీ కాస్త దగ్గరవుతాయి. రాకెట్‌లో దగ్గరవవు.

పీణ్య కాలిబ్రేషన్

అదీ అనిశ్చితితో కూడిన అంకేనండీ. టైటానియం, ప్లాటినం అనే ఒక జంటకి. ప్రతి లోహానికీ కొలిచి చూడలేదు కదా.

భౌతికం యశ్వంతపుర

నిజమే. మిగతా పదార్థాలకి ఆ మాట చెప్పాలంటే పరమాణువు లోపల ఏ భాగం తేడా తేగలదో సిద్ధాంతం ఉండాలి. కొలత ఒక్కటే చాలదు.

జయనగర్ జిజ్ఞాసి

బాగుంది. మొదలుపెట్టిన చోటికి వద్దాం. మందుల షాపులో ఈసారి క కంపెనీది లేదు, గ కంపెనీది ఉందంటే ఏం చేయాలి?

బయోస్టాట్ బొమ్మసంద్ర

ఏ మందు అన్నదాన్ని బట్టి. గణితం గారి "తర్వాతి పనిని తట్టుకోవాలి" అన్న మాటే ఇక్కడ అక్కరకొస్తుంది. చాలా మందుల్లో రక్తంలో గాఢత పది శాతం మారితే ఫలితం పెద్దగా మారదు. అక్కడ గొలుసు కలవకపోయినా నష్టం లేదు.

మూర్ఛకిచ్చే ఫెనిటాయిన్ అలాంటిది కాదు. ఒంట్లో దాన్ని విరిచే ఎంజైము సామర్థ్యం నిండిపోతుంది. ఒక రోగిలో ఎంజైము రోజుకి గరిష్ఠంగా 500 మి.గ్రా. విరవగలదు, సగం వేగం అందుకునే గాఢత లీటరుకి 4 మి.గ్రా. అనుకుందాం. రోజుకి 300 మి.గ్రా. ఒంట్లో చేరితే గాఢత 6 దగ్గర నిలుస్తుంది. 400 చేరితే 16. కావాల్సింది 10–20 మధ్య కాబట్టి అక్కడ బాగుంది. ఇంకో పది శాతం, 440 చేరితే? 29. తూలడం, కనుగుడ్లు అదరడం మొదలవుతుంది. లోపలికి పోయే దాంట్లో పది శాతం, రక్తంలో ఎనభై శాతం. అందుకే యూరప్‌లో ఇలాంటి ఇరుకు హద్దుల మందులకి 80–125 బదులు 90.00–111.11 పెట్టారు. ఇక్కడా 1ని 0.9తో భాగించి చూసుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, మానసిక వ్యాధులకిచ్చే లిథియం, అవయవ మార్పిడి తర్వాత ఇచ్చే టాక్రోలిమస్ విషయంలోనూ జాగ్రత్త పడాలి.

షాపులో చేయాల్సింది: ఈ జాబితాలోది అయితే కంపెనీ మార్చొద్దు. మార్చక తప్పకపోతే డాక్టర్‌కి ముందే చెప్పి, కొత్తది మొదలుపెట్టాక రక్తపరీక్ష చేయించుకోవాలి. ఫెనిటాయిన్‌కి గాఢత, వార్ఫరిన్‌కి ఐఎన్‌ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే అంకె). రాసిన మందుకి బదులు ఇంకోటి షాపువాళ్ళు తమంతట తాము ఇవ్వడం షెడ్యూల్ హెచ్ మందుల్లో (డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సినవి) మన నిబంధనల ప్రకారం కుదరదు కూడా. ఇంకో మాట, నీళ్ళలో సరిగా కరగని మందులకి మన దగ్గర బయోఈక్వివలెన్స్ అధ్యయనం, అంటే నేను మొదట్లో చెప్పిన తుల్యత పరీక్ష, తప్పనిసరి చేసింది 2017 ఏప్రిల్ సవరణ. అంతకు ముందు నుంచీ అమ్ముడవుతున్న ప్రతి మాత్ర వెనకా ఆ అధ్యయనం ఉందనుకోవద్దు.

కోడ్ కోరమంగళ

అంటే మా పైసల పద్ధతిలాగే. గాట మార్చే ముందు అంచు దగ్గరున్నామేమో చూసుకోవాలి.

మల్లేశ్వరం గణితం

స్ట్రిప్పు మీద "బయోఈక్వివలెంట్" అని ఒక్క మాట కాకుండా "ఫలానా బ్రాండుకి, ఫలానా అంతరంతో" అని కూడా అచ్చు వేస్తే నా అభ్యంతరం సగం పోతుంది.

బయోస్టాట్ బొమ్మసంద్ర

స్ట్రిప్పు మీద చోటెక్కడుందండీ. ఎక్స్‌పైరీ తేదీ చదవడానికే భూతద్దం కావాలి.